విటమిన్ సి మొక్క కణకవచాన్ని గట్టిపరుస్తుందా, వదులు చేస్తుందా?

ఆవాల కుటుంబంలో అరబిడాప్సిస్ అనే చిన్న మొక్క ఉంది. పంటగా దానికి విలువ లేకపోయినా, మొక్కల జన్యువుల గురించి మనకు తెలిసిన విషయాల్లో చాలా భాగం దాని మీద చేసిన ప్రయోగాల నుంచే వచ్చింది. ఓజోన్ తగిలితే త్వరగా దెబ్బతినే అరబిడాప్సిస్ మొక్కల కోసం వెతుకుతూ అమెరికాలో పాట్రీషియా కాంక్లిన్ బృందం 1996లో ఒక ప్రత్యేకమైన రకాన్ని గుర్తించింది. మామూలు మొక్కలో ఉండే విటమిన్ సిలో దానిలో ఉన్నది సుమారు 30 శాతమే. ఓజోన్‌ను తట్టుకోలేని ఈ మొక్కకు తెగుళ్లు కూడా సులభంగా సోకుతాయని ఎవరైనా అనుకుంటారు. 2004లో పరీక్షిస్తే ఫలితం పూర్తిగా తలకిందులైంది. సూడోమోనాస్ సిరింజే అనే బాక్టీరియాను, బూజు తెగులు కలిగించే ఒక సూక్ష్మజీవిని వాటి మీదకు వదిలినప్పుడు, విటమిన్ సి తక్కువగా ఉన్న మొక్కల్లో ఆ రెండూ మామూలు మొక్కల్లో కంటే చాలా తక్కువగా పెరిగాయి.

అయితే విటమిన్ సి తక్కువగా ఉండటమే మొక్కకు మేలు అనుకోవాలా? 2012లో ఇదే లోపం ఉన్న మొక్కల మీద ఆల్టర్నేరియా అనే ఆకుమచ్చ శిలీంధ్రాన్ని ప్రయోగించారు. ఈసారి అవి మామూలు మొక్కల కంటే ఎక్కువగా దెబ్బతిన్నాయి.

ఈ రెండు ఫలితాలూ నిజమే. వాటి మధ్య వైరుధ్యం ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోవాలంటే మొక్క కణం చుట్టూ ఉండే కవచం దగ్గరికి వెళ్లాలి. తెగులు కలిగించే జీవుల్లో చాలా వాటికి మొదట అడ్డుపడేది అదే. విటమిన్ సి అక్కడ చేసే పనులు ఒకదానికొకటి ఎదురు నడుస్తాయి. మన ఆహారం గురించి మాట్లాడేటప్పుడు విటమిన్ సి అంటే రక్షణ, బలం అని ఒక్క మాటలో చెప్పేస్తాం. మొక్క విషయంలో ఆ ఒక్క మాట సరిపోదు. ఎంత ఉంది అన్నదానికంటే కణంలో ఎక్కడ ఉంది, ఏ రూపంలో ఉంది, ఎదురుగా ఉన్న శత్రువు ఎవరు అన్నవే ముఖ్యమని ఇన్నేళ్ల పరిశోధన చూశాక నాకు అనిపిస్తోంది.

ముందుగా ఎక్కడ ఉందో చూద్దాం. రసాయనికంగా ఆస్కార్బిక్ ఆమ్లమైన ఈ విటమిన్‌ను మొక్క తన ప్రతి కణంలోనూ స్వయంగా తయారు చేసుకుంటుంది. తయారీలో చివరి మెట్టు మైటోకాండ్రియాలో జరుగుతుంది. అక్కడి నుంచి అది కణమంతా వ్యాపిస్తుంది. ఎండలో పనిచేసే హరితరేణువుల్లో దాని గాఢత చాలా ఎక్కువ. అందుకే ఎండ బాగా తగిలే ఆకుల్లో, నీడలో పెరిగిన ఆకుల కంటే విటమిన్ సి ఎక్కువగా ఉంటుంది. కణత్వచం దాటి బయట, అంటే కణకవచంలోనూ కణాల మధ్య ఖాళీల్లోనూ, ఉండేది తక్కువ. ఆకులోని మొత్తంలో సాధారణంగా పదో వంతుకు మించదు. కణం లోపల విటమిన్ సి ఆక్సీకరణం చెందితే వెంటనే దాన్ని తిరిగి మొదటి రూపానికి తెచ్చే ఎంజైముల వ్యవస్థ ఉంది. కవచంలో ఆ వ్యవస్థ దాదాపు లేనట్టే. అక్కడికి చేరిన విటమిన్ సి ఒకసారి ఆక్సీకరణం చెందితే మళ్లీ కణం లోపలికి వెళ్లి బాగుపడాలి, లేదంటే అక్కడే విచ్ఛిన్నమైపోవాలి. కవచంలో జరిగే కథ అంతా ఈ ఒక్క తేడా మీద ఆధారపడి ఉంది.

ఇక కవచం సంగతి. ఎండుగడ్డి కలిపి మెత్తిన మట్టిగోడను ఊహించుకోండి. గడ్డిపోచల స్థానంలో సెల్యులోజ్ పోగులు ఉంటాయి. వాటిని ఒకదానితో ఒకటి కలిపే హెమిసెల్యులోజ్‌లు, మధ్యలో నిండి ఉండే పెక్టిన్ మట్టి పాత్ర పోషిస్తాయి. వీటికి తోడు కొన్ని ప్రోటీన్లు, గట్టిపడిన కణజాలాల్లో కలపకు గట్టిదనమిచ్చే లిగ్నిన్ అనే పదార్థం ఉంటాయి. అయితే ఈ కవచం నిర్జీవమైన కట్టడం కాదు. కణం పెరిగేటప్పుడు అది సడలాలి, పెరుగుదల ఆగాక బిగుసుకోవాలి, శత్రువు తాకినప్పుడు తాకిన చోట కొద్ది నిమిషాల్లోనే మరింత బిగుసుకోవాలి.

విటమిన్ సికీ కవచానికీ ఉన్న మొదటి సంబంధం ముడిసరుకులోనే ఉంది. ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయంలో నికొలస్ స్మిర్నాఫ్ బృందం 1998లో మొక్కలు విటమిన్ సిని తయారు చేసుకునే ప్రధాన మార్గాన్ని వెల్లడించింది. జీడీపీ-మానోజ్ అనే చక్కెర రూపం నుంచి జీడీపీ-గాలక్టోజ్, దాని నుంచి గాలక్టోజ్, చివరికి విటమిన్ సి వస్తాయి. కణకవచానికి కావలసిన మానోజ్, ఫ్యూకోజ్ వంటి చక్కెరలు కూడా ఇదే జీడీపీ-మానోజ్ నుంచి చీలే దారుల్లో తయారవుతాయి. అంటే ఒకే కాలువ నుంచి రెండు పొలాలకు నీరు పారుతోంది. పైన తూము మూసేస్తే రెండూ ఎండుతాయి.

అరబిడాప్సిస్‌లో ఈ తూము వంటి జన్యువు పూర్తిగా పాడైన మొక్కలు గింజలో పిండం దశలోనే చనిపోతాయి. 2001లో వాటిని పరిశీలించినప్పుడు సెల్యులోజ్ మామూలులో ఐదో వంతుకు పడిపోయినట్టు తేలింది. చావుకు కారణం విటమిన్ సి లేకపోవడం కాదనీ, ప్రోటీన్లకు చక్కెరల గొలుసులు తగిలించే పని ఆగిపోవడమనీ ఆ పరిశోధకులు వివరించారు. మొదట్లో చెప్పిన, 30 శాతం విటమిన్ సితో బతికే మొక్కలో దెబ్బతిన్నది కూడా సరిగ్గా ఈ జన్యువే. దాని పనితనం పూర్తిగా పోలేదు, కొంత తగ్గిందంతే. కాబట్టి ఆ మొక్క తెగులును తట్టుకుందంటే అది విటమిన్ సి తగ్గడం వల్లనా, కవచం కూర్పులో వచ్చిన మార్పు వల్లనా అన్న ప్రశ్న తప్పదు. ఈ కారణంగానే పరిశోధకులు ఆ ఒక్క మొక్కతో ఆగలేదు. విటమిన్ సి తయారీ దారిలో ఇంకా కిందికి, కవచం వైపు దారి చీలిపోయిన తర్వాత ఉండే మెట్టులో లోపం ఉన్న మరో రకాన్ని కూడా పరీక్షించారు. బూజు తెగులు దానిలోనూ తక్కువగానే పెరిగింది. అందువల్ల విటమిన్ సికి స్వయంగా ఇందులో పాత్ర ఉందని నమ్మడానికి బలం చేకూరింది.

కాలువలో నీరు వెనక్కి పారే సందర్భం కూడా ఉంది. స్ట్రాబెర్రీ పండేటప్పుడు పెక్టిన్ కరిగి గాలక్ట్యురోనిక్ ఆమ్లం విడుదలవుతుంది. ఆ పండు దాన్ని విటమిన్ సిగా మార్చుకోగలదని స్పెయిన్ పరిశోధకులు 2003లో చూపించారు. ఈ పని చేసే స్ట్రాబెర్రీ జన్యువును అరబిడాప్సిస్‌లో పెడితే దానిలో విటమిన్ సి రెండు మూడు రెట్లు పెరిగింది. కవచం కూలుతూ విటమిన్‌గా మారడం ఈ మొత్తం విషయంలో నన్ను బాగా ఆకట్టుకున్న అంశం.

ఇప్పుడు గట్టిపరిచే పని. 1960 ప్రాంతంలో డెరెక్ లాంపోర్ట్ మొక్కల కణకవచంలో హైడ్రాక్సీప్రోలిన్ అనే అమైనో ఆమ్లం సమృద్ధిగా ఉండే ప్రోటీన్‌ను కనుగొని, దానికి ఎక్స్‌టెన్సిన్ అని పేరు పెట్టారు. హైడ్రాక్సీప్రోలిన్ పేరు వినగానే జంతువుల శరీరశాస్త్రం చదివినవారికి కొల్లాజెన్ గుర్తుకొస్తుంది. మన చర్మం, చిగుళ్లు, రక్తనాళాల గోడలు పట్టుగా ఉండటానికి కారణం ఆ ప్రోటీన్. దానిలోని ప్రోలిన్‌ను హైడ్రాక్సీప్రోలిన్‌గా మార్చే ఎంజైముకు ఇనుముతో పాటు విటమిన్ సి కావాలి. అది అందకపోతే వచ్చేదే స్కర్వీ. చిగుళ్ల నుంచి రక్తం కారడం, పాత గాయాలు తిరగబెట్టడం దాని లక్షణాలు. మొక్కల్లో ఎక్స్‌టెన్సిన్‌ను సిద్ధం చేసే ఎంజైము కూడా ఇదే కుటుంబానికి చెందింది, దానికీ ఇనుము, విటమిన్ సి అవసరమే. ఓడల్లో నావికుల్ని చంపిన వ్యాధికీ మొక్క కణకవచం బిగువుకీ మూలంలో ఒకే రసాయన చర్య ఉంది.

రోగనిరోధకతతో దీని సంబంధం ఊహ కాదు. శిలీంధ్రం సోకిన కర్బూజ మొక్కల కవచాల్లో హైడ్రాక్సీప్రోలిన్ ప్రోటీన్లు బాగా పేరుకుంటాయని ఫ్రాన్స్‌లోని టులూజ్ పరిశోధకులు 1970లలోనే చూపించారు. 1992లో సోయా చిక్కుడు కణాలతో చేసిన ప్రయోగంలో, శిలీంధ్రపు ఆనవాలు తగిలిన కొద్ది నిమిషాల్లోనే కవచంలోని ఈ తరహా ప్రోటీన్లు ఒకదానికొకటి అతుక్కుని కరగని వలగా మారడం కనిపించింది. ఆ అతుకు వేయడానికి కావలసింది హైడ్రోజన్ పెరాక్సైడ్. ప్రమాదం పసిగట్టగానే మొక్క కణం తన పైపొరలో ఉన్న ఎంజైములతో దాన్ని పెద్దమొత్తంలో కవచంలోకి విడుదల చేస్తుంది. కవచంలోని పెరాక్సిడేజ్ ఎంజైములు ఆ పెరాక్సైడ్‌ను వాడుకుని ప్రోటీన్లను అతికిస్తాయి, లిగ్నిన్‌ను అల్లుతాయి.

ఎదురు నడక ఇక్కడి నుంచే మొదలవుతుంది. పెరాక్సిడేజ్‌లు లిగ్నిన్ అల్లాలంటే ముందుగా ఫినాల్ అణువుల నుంచి ఒక్కొక్క ఎలక్ట్రాన్‌ను లాగేసి వాటిని చురుకైన రాడికల్స్‌గా మార్చాలి. ఆ రాడికల్స్ ఒకదానితో ఒకటి కలిస్తే లిగ్నిన్ ఏర్పడుతుంది. పక్కన విటమిన్ సి ఉంటే అవి కలవకముందే తన ఎలక్ట్రాన్ ఇచ్చి వాటిని మళ్లీ ఫినాల్స్‌గా మార్చేస్తుంది. అల్లిక ఆగిపోతుంది. ఉన్న విటమిన్ సి అంతా ఖర్చయ్యాకే లిగ్నిన్ ఏర్పడటం మొదలవుతుంది. కణం లోపల ఎక్స్‌టెన్సిన్‌ను సిద్ధం చేసి కవచానికి బలం సమకూర్చే విటమిన్ సి, బయటికి వచ్చాక అదే కవచం బిగుసుకోకుండా అడ్డుపడుతుందన్నమాట. పెరుగుతున్న లేత కణానికి ఇది మేలు. తెగులు తాకిన కణానికి ఆలస్యం ప్రాణాంతకం కావచ్చు.

ఈ అడ్డు తొలగించే సాధనం కూడా మొక్క దగ్గరే ఉంది. ఆస్కార్బేట్ ఆక్సిడేజ్ అనే రాగి ఎంజైము కవచంలోనే ఉంటూ విటమిన్ సిని ఆక్సీకరణం చేస్తుంది. దీన్ని మొదట గమనించింది విటమిన్ సిని వేరుచేసి 1937లో నోబెల్ బహుమతి పొందిన ఆల్బర్ట్ సెంట్ గ్యోర్గీయే. క్యాబేజీ ఆకుల మీద ఆయన చేసిన ఆ పరిశోధన 1931లో వెలువడింది. గుమ్మడి, దోస జాతుల్లో ఈ ఎంజైము మెండుగా ఉంటుంది. దోసకాయ ముక్కలు కోసి చాలాసేపు ఉంచితే వాటిలో విటమిన్ సి తగ్గడానికి ఇది కూడా ఒక కారణం.

కవచాన్ని సడలించే మరో దారి మరింత ఆశ్చర్యం కలిగిస్తుంది, ఎందుకంటే దానికి ఎంజైము అవసరమే లేదు. ఎడిన్‌బరా విశ్వవిద్యాలయానికి చెందిన స్టీఫెన్ ఫ్రై 1998లో ఈ విషయాన్ని బయటపెట్టారు. కవచంలో సూక్ష్మ మోతాదులో రాగి ఉంటుంది. విటమిన్ సి ఆ రాగి అయాన్లకు ఎలక్ట్రాన్లు ఇస్తుంది. ఆ క్రమంలో ఆక్సిజన్ నుంచి హైడ్రోజన్ పెరాక్సైడ్ పుడుతుంది. ఆ పెరాక్సైడ్ మళ్లీ రాగితో చర్య జరిపి హైడ్రాక్సిల్ రాడికల్‌ను పుట్టిస్తుంది. జీవరసాయన ప్రపంచంలో ఇంతకంటే దూకుడైన అణువులు అరుదు. పుట్టిన చోటే, క్షణంలో వెయ్యో వంతు కూడా గడవకముందే, పక్కనున్న పెక్టిన్‌నో హెమిసెల్యులోజ్‌నో తెంచేస్తుంది. ఆక్సీకరణాన్ని అడ్డుకునేదిగా పేరుపడ్డ విటమిన్ సి, రాగి తోడైతే ఆక్సీకరణ నష్టానికి తానే కారణమవుతోంది. టమాటా పండు కవచాల నుంచి పెక్టిన్ కరిగి బయటికి రావడానికి విటమిన్ సి కారణం కాగలదని 2003లో ఫ్రై సహచరులు చూపించారు. పండు మెత్తబడటంలో పెక్టిన్‌ను కోసే ఎంజైములతో పాటు దీనికీ వాటా ఉండవచ్చన్నది వారి ప్రతిపాదన. ఆ తర్వాత 2005లో అదే ప్రయోగశాల, కవచంలో మిగిలిన విటమిన్ సి చివరికి ఆక్సాలేట్, థ్రియోనేట్ అనే పదార్థాలుగా ఎలా విడిపోతుందో మెట్టు మెట్టుగా వివరించింది.

ఇప్పుడు శత్రువుల వైపు చూస్తే మొదటి చిక్కు విడిపోతుంది. మొక్కల తెగుళ్లకు కారణమయ్యే జీవులు తినే తీరును బట్టి స్థూలంగా రెండు రకాలు. బూజు తెగులు జీవి బతికున్న కణం నుంచే ఆహారం పీల్చుకుంటుంది. కణం చచ్చిపోతే దానికి తిండి ఉండదు. సూడోమోనాస్ కూడా తొలి దశలో కణం బతికి ఉండాలనే కోరుకుంటుంది. ఇటువంటి వాటి మీద మొక్క వాడే ఆయుధం తాకిన చోట కొన్ని కణాలను తానే చంపుకుని శత్రువును ఆకలితో మాడ్చడం. సాలిసిలిక్ ఆమ్లం ఈ దారిని నడిపించే ప్రధాన సంకేతం. విటమిన్ సి తక్కువైన మొక్కల్లో పెరాక్సైడ్ సంకేతాలకు పగ్గం సడలుతుంది, సాలిసిలిక్ ఆమ్లం ముందే పెరిగి ఉంటుంది, రక్షణ ప్రోటీన్లు ఎక్కువగా తయారవుతాయి. 2005లో వచ్చిన మరో అధ్యయనంలో ఇటువంటి మొక్కల ఆకుల మీద తెగులు సోకకముందే కంటికి కనిపించనంత చిన్న మృతకణాల మచ్చలు కనిపించాయి. అంటే అవి ఎప్పుడూ కత్తి దూసి నిలబడి ఉన్నాయి. దానికి మూల్యం కూడా చెల్లించాయి. ఆకులు త్వరగా ముదిరిపోవడం, ఓజోన్‌కు లొంగిపోవడం ఆ మూల్యంలో భాగాలే.

ఆల్టర్నేరియా వంటి శిలీంధ్రం ఇందుకు పూర్తిగా భిన్నం. అది కణాన్ని విషంతో చంపి, ఆ శవాన్ని తిని పెరుగుతుంది. తన కణాలను తాను చంపుకునే మొక్క దానికి విందు వడ్డించినట్టే. అక్కడ పనికొచ్చేది కణాన్ని బతికించి ఉంచే శక్తి, అంటే నిండుగా విటమిన్ సి, దానిలాగే ఆక్సీకరణాన్ని అడ్డుకునే గ్లూటాథయోన్ అనే పదార్థం ఉండటం. 2004లో గెలిచిన మొక్క 2012లో ఓడిపోవడానికి కారణం ఇదే.

విటమిన్ సి మొత్తం ఎంత అన్నది పక్కన పెట్టి, కవచంలో అది ఏ రూపంలో ఉందన్నది చూసినా కథ ఒకే వైపు మొగ్గదు. పొగాకులో ఆస్కార్బేట్ ఆక్సిడేజ్‌ను పెంచి కవచంలోని విటమిన్ సి అంతా ఆక్సీకరణం చెందిన రూపంలో ఉండేట్టు చేస్తే, ఆ మొక్కలు సూడోమోనాస్‌కు మరింత లొంగిపోయాయని 2006లో తేలింది. వరిలో మరోలా జరిగింది. రైస్ స్ట్రైప్ వైరస్ సోకినప్పుడు, ఈ ఎంజైము తయారీని మామూలుగా అణచి ఉంచే చిన్న ఆర్‌ఎన్‌ఏను మొక్క పట్టి బంధిస్తుంది. దాంతో ఎంజైము పెరుగుతుంది, ఆక్సీకరణ సంకేతాలు బలపడతాయి, వైరస్ వెనక్కి తగ్గుతుంది. చైనా పరిశోధకులు 2017లో ఈ యంత్రాంగాన్ని వివరించారు. పొగాకులో ఎంజైము ఎప్పుడూ ఎక్కువగానే ఉంది. వరి మాత్రం వైరస్ వచ్చినప్పుడే దాన్ని పెంచుకుంది. రెండు ఫలితాలు వేరుకావడంలో శత్రువు మారడంతో పాటు ఈ సమయపాలనకు కూడా పాత్ర ఉంటుందని నా అభిప్రాయం.

నులిపురుగుల విషయం మన రైతులకు మరీ దగ్గరిది. టమాటా, వంగ, మిరప వేళ్ల మీద బుడిపెలు లేపే నులిపురుగుల మీద ఇటలీలోని బారీ నగరంలో ఒరెస్తే అరిగోని సహచరులు పనిచేశారు. తట్టుకునే టమాటా రకాల్లో విటమిన్ సి తయారీని లైకోరిన్ అనే రసాయనంతో ఆపితే అవి పురుగుకు లొంగిపోయాయనీ, లొంగిపోయే రకాలకు విటమిన్ సి అందిస్తే కొంత తట్టుకున్నాయనీ 1979లో వారు నివేదించారు. నాలుగు దశాబ్దాల తర్వాత బెల్జియంలోని ఘెంట్ పరిశోధకులు వరి వేళ్లకు బుడిపెలు కలిగించే మరో జాతి నులిపురుగు మీద చేసిన ప్రయోగంలో, ఆకుల మీద ఆస్కార్బేట్ ఆక్సిడేజ్ చల్లితే వేళ్లలో పురుగు తగ్గింది. అంటే అక్కడ విటమిన్ సి ఆక్సీకరణమే మొక్కంతటికీ హెచ్చరికగా పనిచేసింది. ఒకటి వేరులోని నిల్వకు సంబంధించినది, మరొకటి ఆకు కవచం నుంచి వేరుకు వెళ్లే సంకేతానికి సంబంధించినది. ఈ రెండు అధ్యయనాల్లో ఒకదాన్ని మాత్రమే చదివినవారు మొక్కలకు విటమిన్ సి ఇవ్వమనో, తగ్గించమనో సలహా ఇచ్చేస్తారు. ఆ రెండు సలహాలూ తొందరపాటే.

ఇంకో జాగ్రత్త కూడా చెప్పాలి. విటమిన్ సి తగ్గితే మొక్క గిడసబారుతుందని చాలాకాలం పాఠంలా చెప్పుకున్నారు. 2016లో ఆస్ట్రేలియా, బ్రిటన్ పరిశోధకులు కలిసి ఆ మొక్కల్లో ఒక ప్రసిద్ధ రకాన్ని మళ్లీ పరిశీలించారు. గిడసబారడానికి కారణం అదే మొక్కలో తెలియకుండా దాగి ఉన్న వేరొక జన్యు మార్పు అని తేలింది. విటమిన్ సి 80 శాతం దాకా తగ్గిన మరో రకం నిక్షేపంగా పెరిగింది. పూర్తిగా లేకుండా చేస్తే మాత్రం మొలక బీజదళాల దశ దాటదు, బయటి నుంచి విటమిన్ సి అందించాల్సిందే. ఈ రెండు కొనల మధ్య మొక్కకు చాలా వెసులుబాటు ఉంది.

పొలం దగ్గరికి వస్తే, విటమిన్ సి కలిసిన ద్రావణాలను పంటకు బలంగా పిచికారీ చేయమనే మాట అక్కడక్కడా వినిపిస్తుంది. ఇంతవరకు చూసిన దాన్ని బట్టి ముందుగా అడగవలసిన ప్రశ్న ఏ తెగులుకు అన్నది. ఆకుమచ్చలకు పనికొచ్చింది బూజు తెగులుకు పనికిరాకపోవచ్చు. రెండో ప్రశ్న ట్యాంకులో దానితో ఇంకేమి కలుపుతున్నారన్నది. ఆస్కార్బిక్ ఆమ్లం గాలికి, వెలుతురుకు నీటిలో త్వరగా పాడవుతుంది. రాగి ఉంటే ఆ వేగం ఎన్నో రెట్లు పెరుగుతుంది, క్షారగుణం ఉన్న ద్రావణంలో ఇంకా పెరుగుతుంది. మైలుతుత్తం, సున్నం కలిపి చేసే బోర్డో మిశ్రమంలో ఈ రెండూ ఉన్నాయి. అందులో విటమిన్ సి కలిపితే ఆకు మీద పడేలోపే చాలా భాగం విరిగిపోతుంది. ఇక అది ఆకు లోపలికి వెళ్లి కవచానికి చేరడం, అక్కడ సరైన వేళకు సరైన రూపంలో ఉండటం ఆ తర్వాతి సంగతి. తగినంత ఎండ తగిలేలా మొక్కల మధ్య దూరం పాటిస్తే, ఆకు తన విటమిన్ సిని తానే తయారు చేసుకుని, ఎక్కడ ఎంత ఉండాలో తానే సర్దుకుంటుంది.